పైథాన్: భద్రాచలం ఏజెన్సీలో ఇన్‌స్టాల్ చేయడం, మొదలుపెట్టడం

పైథాన్ ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ స్క్రిప్టింగ్ భాష. ఇందులో రాసిన ప్రోగ్రామ్‌ను విడిగా కంపైల్ చేసుకోనక్కర్లేదు. ఇంటర్‌ప్రెటర్ దాన్ని చదివి, లోపల బైట్‌కోడ్‌గా మార్చుకుని, అక్కడికక్కడే నడిపిస్తుంది. అంకె, మాట, జాబితా, ఫంక్షన్ అన్నీ ఈ భాషలో ఆబ్జెక్టులే. అంటే ప్రతిదానికీ కొన్ని లక్షణాలు, అది చేయగల కొన్ని పనులు ఉంటాయి. ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా గోదావరి దాటి భద్రాచలం, అక్కడి నుంచి ఎగువన దుమ్ముగూడెం, చర్ల, దిగువన కూనవరం, చింతూరు దాకా పరుచుకున్న అటవీ సరిహద్దులో ఈ భాషను ఎలా ఇన్‌స్టాల్ చేసుకోవచ్చో, ఏ పాఠంతో మొదలుపెట్టవచ్చో, తెలుగు అక్షరాలతో ఎక్కడెక్కడ చిక్కు వస్తుందో ఈ వ్యాసం వివరిస్తుంది. ఆదేశాలను పలికే తీరులో తెలుగు లిపిలో ఇచ్చాం. కీబోర్డు మీద వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి.

పుట్టుక

నెదర్లాండ్స్‌కు చెందిన గైడో వాన్ రోసమ్ 1989 క్రిస్మస్ సెలవుల్లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యుఐ అనే గణిత, కంప్యూటర్ పరిశోధన కేంద్రంలో ఉద్యోగిగా ఉంటూ దీని పని మొదలుపెట్టాడు. అక్కడే అంతకుముందు తయారైన ఏబీసీ అనే బోధన భాష లోటుపాట్లు ఆయనకు బాగా తెలుసు. 1991 ఫిబ్రవరిలో 0.9.0 వెర్షన్ బయటికి వచ్చేసరికే క్లాసులు, వారసత్వం అందులో ఉన్నాయి. పేరు పాముది కాదు, మాంటీ పైథాన్ అనే బ్రిటిష్ టీవీ హాస్య బృందానిది. 2000 అక్టోబరులో వచ్చిన 2.0 వెర్షన్, అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలిచ్చే యూనికోడ్‌ను తెచ్చింది. 2008 డిసెంబరు 3న వచ్చిన 3.0 పాత కోడ్‌తో తెగతెంపులు చేసుకుని, మాటలన్నిటినీ యూనికోడ్‌గానే చూడటం మొదలుపెట్టింది. తెలుగువాళ్లకు అసలు ప్రయోజనం ఇక్కడే మొదలైంది. పాత 2 శ్రేణికి 2020 జనవరి 1తో కాలం చెల్లింది. గ్రంథాలయంలో దొరికే పాత పుస్తకంలో ‘ప్రింట్’ అనే మాట పక్కన కుండలీకరణాలు లేకపోతే అది 2 శ్రేణి పుస్తకం అని గుర్తు. దాన్ని చూసి కొడితే తప్పు చూపిస్తుంది.

ఇదే కుటుంబంలో వేరే భాషలూ ఉన్నాయి. జపాన్‌కు చెందిన యుకిహిరో మాట్సుమోటో 1995లో విడుదల చేసిన రూబీలో ఆబ్జెక్టుల పద్ధతి ఇంకా నిక్కచ్చిగా ఉంటుంది. అదే ఏడాది నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ చేసిన జావాస్క్రిప్ట్ ప్రతి బ్రౌజర్‌లోనూ ఉంది. అయినా ఈ వ్యాసం పైథాన్‌నే ఎంచుకోవడానికి కారణం మామూలుది. సీబీఎస్‌ఈ 11, 12 తరగతుల కంప్యూటర్ సైన్స్ పాఠ్యాంశం ఈ భాషలోనే ఉంది, ఇంజనీరింగ్ కళాశాలల్లోనూ ఇదే చెబుతున్నారు. కాబట్టి కొత్తగూడెంలోనో ఖమ్మంలోనో ఇరుక్కుపోతే అడగడానికి ఒక మనిషి దొరుకుతాడు. మొదలుపెట్టేవాడికి భాష గొప్పతనం కన్నా అదే ముఖ్యం.

ముందు యంత్రాన్ని చూడాలి

పైథాన్ పాఠాలు చాలావరకు “సైటుకు వెళ్లి కొత్త వెర్షన్ దించుకోండి” అనే వాక్యంతో మొదలవుతాయి. ఏజెన్సీలో ఆ వాక్యం దగ్గరే పని ఆగిపోతుంది. మూల కూర్చున్న బడి కంప్యూటర్‌లో విండోస్ 7 ఉంటుంది. ఇంట్లో ఉన్నది ఫోనే. నెట్ ఉన్నా అది టవర్ దయ మీద ఆధారపడి ఉంటుంది. భాష కష్టమై వదిలేసేవాళ్ల కన్నా ఇన్‌స్టాల్ దగ్గరే విసిగి వదిలేసేవాళ్లే ఎక్కువని ఈ వ్యాసకర్త అంచనా. అందుకే కొత్త వెర్షన్ ఏదని వెతకడం కన్నా, ఎదురుగా ఉన్న యంత్రానికి సరిపోయే వెర్షన్ ఏదని వెతకాలి.

విండోస్ 10, 11 ఉన్న కంప్యూటర్లకు పెద్దగా ఆలోచించనక్కర్లేదు. పైథాన్ అధికారిక సైటులో దొరికే తాజా 3 శ్రేణి ఇన్‌స్టాలర్ సరిపోతుంది. ఫైలు ముప్పై మెగాబైట్లకు అటూఇటుగా ఉంటుంది, ఫోన్ హాట్‌స్పాట్ మీద కూడా దించుకోవచ్చు. విండోస్ 8.1 అయితే 3.12 దాకానే నడుస్తుంది. 3.13కి విండోస్ 10 కావాలి. విండోస్ 7కు 3.8 చివరిది. అందులోనూ ఒక మెలిక ఉంది. 3.8 శ్రేణిలో 3.8.10 తర్వాత వచ్చినవన్నీ సోర్స్ కోడ్ రూపంలోనే వచ్చాయి, వాటికి విండోస్ ఇన్‌స్టాలర్ లేదు. కాబట్టి 2021 మే నెలలో విడుదలైన 3.8.10నే వెతికి దించుకోవాలి. 3.8కు భద్రతా సవరణలు 2024లో ఆగిపోయాయి. నెట్‌కు తగిలించని నేర్చుకునే యంత్రం మీద అది ఇబ్బంది కాదు గానీ, మీసేవ పనులు చేసే కంప్యూటర్ మీద పెట్టడం మంచిది కాదు. యంత్రం 32 బిట్లదా 64 బిట్లదా అన్నది కూడా ముందే చూసుకోవాలి. పాత బడి కంప్యూటర్లలో 32 బిట్లవి ఇంకా కనిపిస్తాయి. 64 బిట్ల ఇన్‌స్టాలర్ వాటిలో నడవదు.

ఇన్‌స్టాలర్ తెరవగానే మొదటి తెర మీద అడుగున పైథాన్‌ను ‘పాత్’లో, అంటే విండోస్ ప్రోగ్రాములను వెతికే చోట్ల జాబితాలో, చేర్చాలా అని అడిగే గడి ఉంటుంది. మామూలుగా అందులో టిక్ ఉండదు. టిక్ పెట్టకుండా ముందుకు పోతే, తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో ‘పైథాన్’ అని కొట్టినప్పుడు విండోస్ దాన్ని గుర్తుపట్టదు. విండోస్ 10, 11లో అయితే ఏకంగా మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటుంది. నెట్ లేని చోట ఆ స్టోర్ తెర తిరుగుతూ ఉండిపోతుంది, కొత్తవాళ్లు పైథాన్ చెడిపోయిందనుకుంటారు. అలా జరిగితే ‘పై’ అనే రెండక్షరాల లాంచర్‌ను పిలిచి చూడాలి. పాత్ సంగతి ఎలా ఉన్నా చాలాసార్లు అది పనిచేస్తుంది. లేదంటే అదే ఇన్‌స్టాలర్‌ను మళ్లీ తెరిచి, మార్పులు చేసే ఎంపికతో ఆ గడిలో టిక్ పెడితే చాలు. తీసేసి మళ్లీ వేయనక్కర్లేదు.

ఈ గొడవేమీ వద్దనుకునే ఉపాధ్యాయులకు థానీ అనే ఎడిటర్ ఉంది. ఎస్టోనియాలోని టార్టు విశ్వవిద్యాలయంలో పుట్టిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ తన పైథాన్‌ను తనతోనే తెచ్చుకుంటుంది. విండోస్ 7 నుంచి అన్ని రకాల విండోస్‌లోనూ నడిచేలా 3.8తో కూడిన 32 బిట్ల రూపం దీనికి విడిగా ఉంది. ప్రోగ్రామ్ ఒక్కో వరుసా నడుస్తుంటే ఏ పేరుకు ఏ విలువ ఉందో పక్కనే చూపిస్తుంది. పాత కంప్యూటర్లున్న బడిలో మొదటి ఏడాదికి ఇంతకన్నా మంచిది లేదు.

లినక్స్ ఉన్న చోట పని ఇంకా తేలిక. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగులో కనిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌ను డెబియన్ ఆధారంగానే రూపొందించింది. డెబియన్, ఉబుంటు కుటుంబంలో పైథాన్ 3 సాధారణంగా ముందే ఉంటుంది, ‘పైథాన్3’ అని పిలవాలి. ఆ పైథాన్‌తో ఆటలాడకూడదు, ఎందుకంటే సిస్టమ్ పనులు కొన్ని దాని మీదే నడుస్తాయి. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి పైథాన్ ప్యాకేజీలను దించి వేసే ‘పిప్’తో నేరుగా వేయబోతే సిస్టమ్ ఒప్పుకోదు. ఆ హెచ్చరికను బలవంతంగా దాటించే మార్గం నెట్‌లో ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు, దాన్ని పట్టించుకోవద్దు. ‘వెన్వ్’ అనే మాడ్యూల్‌తో పనికొక ప్రత్యేక ఫోల్డర్ తయారుచేసుకుని, ప్యాకేజీలన్నీ అందులోనే పెట్టుకోవాలి. డెబియన్‌లో ఆ మాడ్యూల్ కోసం ‘పైథాన్3-వెన్వ్’ అనే ప్యాకేజీని విడిగా వేసుకోవలసి రావచ్చు.

ఇక ఫోన్. ఆండ్రాయిడ్‌లో పైడ్రాయిడ్ 3 అనే యాప్‌ను ఒకసారి దించుకుంటే ఇంటర్‌ప్రెటర్ ఫోన్‌లోనే ఉంటుంది, నెట్ లేకపోయినా కోడ్ నడుస్తుంది. కాస్త అనుభవం వచ్చాక టెర్మక్స్ మంచిది. ఆండ్రాయిడ్ 7, ఆపై వెర్షన్లలో నడిచే ఈ యాప్ ఫోన్‌లోనే చిన్న లినక్స్ వాతావరణం ఇస్తుంది, అందులో పైథాన్‌ను ఒక్క ఆదేశంతో వేసుకోవచ్చు. దీన్ని ఎఫ్-డ్రాయిడ్ అనే యాప్ స్టోర్ నుంచి దించుకోవడం మేలు. ఫోన్ కీబోర్డుతో ఒక చిక్కుంది. కొన్ని కీబోర్డులు, ముఖ్యంగా మెసేజ్‌లోంచి కాపీ చేసినప్పుడు, నిటారు కొటేషన్ గుర్తుల బదులు వంపు తిరిగిన గుర్తులను పెడతాయి. కంటికి తేడా తెలియదు గానీ పైథాన్ వాటిని ఒప్పుకోదు. వాట్సాప్‌లో పంపిన కోడ్ నడవకపోతే మొదట కొటేషన్లనే అనుమానించాలి. గూగుల్ కోలాబ్ లాంటి బ్రౌజర్ పద్ధతులకు ఇన్‌స్టాల్ అవసరం లేదు గానీ, కోడ్ నడిచేది దూరాన ఉన్న సర్వర్‌లో కాబట్టి సిగ్నల్ పోతే పని పోతుంది. ఖమ్మంలో కూర్చున్నవాళ్లకు సరే.

నెట్ లేని గూడేనికి

పైథాన్‌తో పాటు వచ్చే ప్రామాణిక లైబ్రరీ చాలా పెద్దది. తేదీలు, గణితం, సీఎస్‌వీ ఫైళ్లు, ఎస్క్యూలైట్ డేటాబేస్, బొమ్మలు గీసే టర్టిల్ అన్నీ అందులోనే ఉంటాయి. టర్టిల్‌తో ముగ్గులు వేయించడం పిల్లలకు భలే ఇష్టం. రాసిన ప్రోగ్రామ్‌ను అదే పేరుతో దాచుకోకుండా చూసుకోవాలి. మన ఫైలు పేరు కూడా ‘టర్టిల్’ అయితే పైథాన్ లైబ్రరీని వదిలి మన ఫైలునే తెరుస్తుంది, అంతా గందరగోళమవుతుంది. మొదటి ఆరు నెలలకు ఈ లైబ్రరీ దాటి పోవలసిన అవసరం రాదు. దీనితో పాటు అధికారిక డాక్యుమెంటేషన్‌ను కూడా జిప్ రూపంలో దించుకుంటే నెట్ లేని చోట గురువూ పుస్తకమూ అదే.

బయటి ప్యాకేజీలు కావాలంటే కొత్తగూడెంలోనో భద్రాచలంలోనో నెట్ ఉన్న కంప్యూటర్ దగ్గర కూర్చుని ‘పిప్ డౌన్‌లోడ్’ ఆదేశంతో వాటిని, వాటికి కావలసిన ఇతర ప్యాకేజీలతో సహా ఒక ఫోల్డర్‌లోకి దించుకోవాలి. ఆ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో గూడేనికి తీసుకెళ్లి, అక్కడి యంత్రంలో నెట్ వైపు చూడకుండా ఈ ఫోల్డర్‌లోనే వెతకమని పిప్‌కు చెప్పాలి. ‘నో-ఇండెక్స్’, ‘ఫైండ్-లింక్స్’ అనే రెండు ఎంపికలు అందుకే ఉన్నాయి. ఈ ప్యాకేజీల ఫైళ్లను ‘వీల్’ అంటారు. చాలా వీల్ ఫైళ్లు ఏ పైథాన్ వెర్షన్‌కు, ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌కు, ఎన్ని బిట్లకు చేశారో దానికే పనికొస్తాయి, ఆ వివరం ఫైలు పేరులోనే ఉంటుంది. దించుకునే కంప్యూటర్‌లో 3.13 ఉండి, అక్కడ 3.8 ఉంటే అరవై కిలోమీటర్ల ప్రయాణం వృథా. బయలుదేరే ముందే అక్కడి వెర్షన్ రాసుకుని, దించేటప్పుడు ఆ వెర్షన్‌నే అడగాలి.

పెన్‌డ్రైవ్ అంటే వైరస్ కూడా. జిరాక్స్ షాపులో పెట్టి తీసిన డ్రైవ్‌లో ఇన్‌స్టాలర్ పాడై ఉండవచ్చు. సైటులో ప్రతి ఫైలుకూ, అది మారలేదని తేల్చుకోవడానికి, చెక్‌సమ్ ఇస్తారు. దాన్ని ఒక కాగితం మీద రాసుకుని, విండోస్‌లో ముందే ఉండే ‘సెర్ట్‌యుటిల్’తో గూడెంలో మళ్లీ లెక్కించి రెండూ ఒకటేనా అని చూడవచ్చు. రెండు నిమిషాల పని. చాలామంది చేయరు.

మొదటి పాఠం: గోదావరి ఎన్ని అడుగులు

ఇన్‌స్టాల్ అయ్యాక ‘పైథాన్’ అని పిలిస్తే మూడు బాణం గుర్తులు కనిపిస్తాయి. అక్కడ ఏం కొట్టినా వెంటనే జవాబొస్తుంది. లోకమంతా ఇక్కడ ‘హలో వరల్డ్’ అని రాయిస్తారు. భద్రాచలంలో అంతకన్నా మంచి పాఠం ప్రతి వర్షాకాలం కళ్లముందే నడుస్తుంది. గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. చిన్నపిల్లలకు కూడా కంఠతా వచ్చిన అంకెలివి. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు చేరింది. 2022 జులైలో 71.3 అడుగులు.

మూడు హెచ్చరికల అంకెలతో మొదటి ప్రోగ్రామ్ రాస్తే ఒక మంచి తప్పు దొరుకుతుంది. మట్టం 43 దాటిందా అని ముందు అడిగి, దాటితే మొదటి హెచ్చరిక అని చెప్పి, లేకపోతే 48, లేకపోతే 53 అని వరుసగా రాసుకుంటే, 71.3 ఇచ్చినప్పుడు కూడా ప్రోగ్రామ్ మొదటి హెచ్చరికే అంటుంది. 71.3 కూడా 43 కన్నా ఎక్కువే కదా, మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. పై నుంచి కిందికి, 53తో మొదలుపెట్టి అడగాలి. షరతుల వరుస ముఖ్యమని ఎన్ని పేజీలు చెప్పినా ఎక్కనిది, ఊరు మునిగిన ఏడాదిని ప్రోగ్రామ్ మామూలు వరదగా లెక్కేసినప్పుడు ఒక్కసారిగా ఎక్కుతుంది.

ఇంకొకటి. మూడో హెచ్చరిక కన్నా 2022 వరద ఎంత ఎత్తో చూద్దామని 71.3లోంచి 53 తీసేస్తే పైథాన్ 18.3 అనదు, 18.299999999999997 అంటుంది. యంత్రం చెడలేదు. కంప్యూటర్ భిన్నాలను రెండు ఆధారంగా ఉన్న పద్ధతిలో దాచుకుంటుంది, ఆ పద్ధతిలో 71.3 కచ్చితంగా ఇమడదు. జవాబును ‘రౌండ్’ ఫంక్షన్‌తో ఒక దశాంశానికి సరిచేస్తే 18.3 వస్తుంది. రూబీ, జావాస్క్రిప్ట్‌లలోనూ ఇదే జరుగుతుంది.

తర్వాత క్లాస్. ‘నీటిమట్టం’ అనే పేరుతో ఒక నమూనా తయారుచేసి, దానికి తేదీ, అడుగులు అనే లక్షణాలు, ‘హెచ్చరిక’ అనే పని ఇస్తాం. 1986 ఆగస్టు కొలత ఒక ఆబ్జెక్ట్, 2022 జులై కొలత మరొకటి. ఒకటే నమూనా, వేర్వేరు విలువలు. ఏ ఆబ్జెక్టును అడిగినా తన హెచ్చరిక తానే చెబుతుంది. వేరే గేజి దగ్గర హెచ్చరిక అంకెలు వేరుగా ఉంటాయి కాబట్టి, ఈ నమూనాకు వారసురాలిగా మరో క్లాస్ రాసి, అంకెలు మాత్రం మార్చుకోవచ్చు. వారసత్వం అంటే ఇంతే. పాఠ్యపుస్తకాలు దీన్ని కుక్కలు, పిల్లుల ఉదాహరణలతో చెబుతాయి. ఎందుకో తెలియదు.

పైథాన్‌లో వరుసల ముందు వదిలే ఖాళీకి అర్థం ఉంది. ఏ వరుస ఏ షరతు కిందికి వస్తుందో ఆ ఖాళీయే చెబుతుంది. నాలుగు స్పేసులు అలవాటు. కొన్ని వరుసలకు ట్యాబ్, కొన్నిటికి స్పేసులు కలిపితే ప్రోగ్రామ్ ఆగిపోతుంది. ఇద్దరు పిల్లలు ఒకే కంప్యూటర్ మీద వంతులవారీగా కొట్టినప్పుడు ఈ తప్పు తరచూ వస్తుంది.

తెలుగు అక్షరాలు

పైథాన్ 3లో పేర్లను తెలుగులోనే పెట్టుకోవచ్చు. నీటిమట్టం, హెచ్చరిక, అడుగులు అనేవి చెల్లుబాటయ్యే పేర్లే. ఇఫ్, క్లాస్, డెఫ్ లాంటి కీలక పదాలు మాత్రం ఇంగ్లీషులోనే ఉండాలి. ఇక్కడ తెలుగులో రాసేవాళ్లు ఎదుర్కొనే చిక్కు ఒకటుంది. ‘సెప్టెంబర్‌వర్షం’ అని పేరు పెడితే పైథాన్ ఒప్పుకోదు. ర్ తర్వాత వ ఒత్తుగా మారకుండా ఆపడానికి తెలుగు కీబోర్డులు మధ్యలో కంటికి కనిపించని ఒక అక్షరాన్ని పెడతాయి. పేర్లలో ఆ అక్షరానికి అనుమతి లేదు. తప్పు సందేశంలో ‘యూ ప్లస్ 200సీ’ అని కనిపిస్తే అదే. కొటేషన్ల మధ్య ఉన్న మాటల్లో అది ఉన్నా ఇబ్బంది లేదు. పేర్లలో అయితే అడుగు గీత పెట్టి ‘సెప్టెంబర్_వర్షం’ అని రాసుకోవడం దారి.

‘భద్రాచలం’ పొడవెంత అని అడిగితే పైథాన్ 8 అంటుంది. మనం పలికేవి నాలుగు అక్షరాలు: భ, ద్రా, చ, లం. యూనికోడ్‌లో మాత్రం భ, ద, పొల్లు, ర, దీర్ఘం, చ, ల, సున్న విడివిడిగా ఉంటాయి కాబట్టి ఎనిమిది. ఫైల్లోకి యూటీఎఫ్-8 పద్ధతిలో రాస్తే ఒక్కోదానికి మూడు బైట్ల చొప్పున 24 బైట్లు. ‘ఖమ్మం’ పలికితే రెండక్షరాలు, పైథాన్ లెక్కలో 5, ఫైల్లో 15 బైట్లు. మాటను వెనక్కి తిప్పమంటే పైథాన్ ఈ ముక్కలనే తిప్పుతుంది, ‘ఖమ్మం’ సున్నతో మొదలై చదవడానికి వీల్లేకుండా పోతుంది. ఇంగ్లీషు పాఠాల్లో వచ్చే ‘ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకటే’ అనే అభ్యాసాన్ని తెలుగులో ‘వికటకవి’తో చేయబోయే ఉపాధ్యాయులు ఇది గుర్తుంచుకోవాలి. వ, గుడి, క, ట, క, వ, గుడి అని విడిపోయాక అది రెండు వైపులా ఒకటిగా ఉండదు.

అక్షర క్రమంలోనూ తేడా ఉంది. జాబితాను వరుస పెట్టమంటే పైథాన్ యూనికోడ్ సంఖ్యల ప్రకారం పెడుతుంది. అందులో సున్న అచ్చులకన్నా ముందుంది, ళ అనేది ల పక్కనే, వ కన్నా ముందుంది, ‘క్ష’ క గుణింతంలో కలిసిపోతుంది. ఊళ్ల పేర్లను బడి వర్ణమాల క్రమంలో కావాలనుకుంటే ఆ క్రమాన్ని మనమే రాసి ఇవ్వాలి. తెలుగు అంకెల విషయంలో మాత్రం పైథాన్ ఆశ్చర్యపరుస్తుంది. ‘౫౩’ అనే మాటను పూర్ణసంఖ్యగా మార్చమంటే చక్కగా 53 చేస్తుంది. కానీ కోడ్‌లో నేరుగా ౫౩ అని అంకెగా రాస్తే ఒప్పుకోదు.

రోజువారీ పనిలో ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఫైళ్లు తెరవడం. విండోస్‌లో పైథాన్ ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ చెప్పకపోతే విండోస్ పాత పద్ధతినే తీసుకుంటుంది. తెలుగు ఉన్న ఫైలు అయితే తప్పు చూపిస్తుంది, లేదా చెత్త అక్షరాలొస్తాయి. ప్రతిసారీ యూటీఎఫ్-8 అని చెప్పి తెరవడం అలవాటు చేసుకోవాలి. 3.15 వెర్షన్ నుంచి దాన్నే మామూలు పద్ధతి చేయాలని భాష నిర్వాహకులు నిర్ణయించారు, కానీ విండోస్ 7 యంత్రాల మీద ఆ వెర్షన్ రాదు కాబట్టి అలవాటు మానకూడదు. ఎక్సెల్‌లో తెరవాల్సిన సీఎస్‌వీ ఫైలు రాసేటప్పుడు ‘యూటీఎఫ్-8-సిగ్’ అనే రూపం వాడితే తెలుగు సరిగ్గా కనిపిస్తుంది.

డీటీపీ షాపుల నుంచి వచ్చే పాత ఫైళ్లు వేరే కథ. కరపత్రాలు, పంచాయతీ నోటీసులు, పెళ్లిపత్రికలు ఏళ్ల తరబడి అను ఫాంట్లలో తయారయ్యాయి. తెర మీద తెలుగులా కనిపించినా లోపల ఉన్నవి ఇంగ్లీషు గుర్తులు. పైథాన్‌కు ఇస్తే అర్థం లేని గుర్తులే కనిపిస్తాయి. ముందు వాటిని యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. ఇక నల్లటి కమాండ్ ప్రాంప్ట్‌లో తెలుగు గడులుగా కనిపించినా, ఒత్తులు విడిపోయినా కంగారు పడనక్కర్లేదు. మాట లోపల సరిగ్గానే ఉంది, దాన్ని చూపించే తెరకే తెలుగు రాదు. విండోస్‌లో పైథాన్‌తో వచ్చే ఐడిల్ అనే ఎడిటర్‌లో నడిపితే చాలావరకు బాగానే కనిపిస్తుంది.

పేరు, ఆబ్జెక్ట్

పైథాన్‌లో పేరు ఒక చీటీ మాత్రమే. అది ఏ ఆబ్జెక్టుకు అంటించి ఉందో దాన్నే చూపిస్తుంది. భద్రాచలం రోడ్ రైల్వే స్టేషన్ ఉన్నది భద్రాచలంలో కాదు, గోదావరికి ఇవతల కొత్తగూడెంలో. కొత్తగా వచ్చిన భక్తులు స్టేషన్ పేరు చూసి దిగి, గుడి ఎక్కడని అడుగుతారు. పైథాన్‌లో ఒక జాబితాకు రెండు పేర్లు పెట్టి, ఒక పేరుతో అందులో అంకె మార్చి, రెండో పేరుతో చూసినప్పుడు కూడా అది మారి ఉండటం చూసి కొత్తవాళ్లు అంతే తికమకపడతారు. పేర్లు రెండు, ఆబ్జెక్ట్ ఒకటే. నకలు కావాలంటే ‘కాపీ’ అని విడిగా అడగాలి.

ఆబ్జెక్ట్ అదే ఉండి లక్షణం మారడానికి ఈ సరిహద్దు అంతటి ఉదాహరణ దొరకదు. శబరి వచ్చి గోదావరిలో కలిసే కూనవరాన్ని ఒక ఆబ్జెక్టుగా అనుకుందాం. దాని ‘జిల్లా’ లక్షణం 1959కి ముందు తూర్పు గోదావరి. ఆ ఏడాది భద్రాచలం, నూగూరు తాలూకాలు ఖమ్మంలో కలిశాయి. 2014లో పోలవరం ప్రాజెక్టు కోసం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చినప్పుడు కూనవరం మళ్లీ తూర్పు గోదావరికి వెళ్లింది. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. భద్రాచలం పట్టణమేమో తెలంగాణలోనే ఉండి, 2016 అక్టోబరు 11న ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చింది. జిల్లా పేరును ఒకే విలువగా రాసుకున్న ప్రోగ్రామ్ ఈ చరిత్రను తుడిచేస్తుంది. పాత జనాభా లెక్కలతో కొత్తవి పోల్చబోతే ఊళ్లు మాయమైనట్టు కనిపిస్తాయి. అందుకే జిల్లాను ఏడాది తాళంచెవిగా ఉండే డిక్షనరీగా దాచుకుని, ఫలానా సంవత్సరంలో ఏ జిల్లా అని ఆబ్జెక్టునే అడిగేలా రాయాలి. తెలుగు వికీపీడియాలో వందల వ్యాసాల్లో ఒకేసారి ఇలాంటి దిద్దుబాట్లు చేయడానికి వాడే పైవికీబాట్ కూడా పైథాన్‌లో రాసిందే.

తునికాకు లెక్కలూ ఇలాగే రాసుకోవచ్చు. కట్టకు 50 ఆకులు, ప్రామాణిక సంచికి 1,000 కట్టలు. వేసవిలో కల్లం దగ్గర ఎవరెన్ని కట్టలు తెచ్చారో ఒక సీఎస్‌వీ ఫైల్లో రాసుకుంటే, ఒక్కో కుటుంబానికి ఎంత రావాలో పదిహేను వరుసల ప్రోగ్రామ్ చెబుతుంది. కాంట్రాక్టరు పుస్తకంతో సరిచూసుకోవడానికి ఇది చాలు.

కోయ, గోండి

ఈ ప్రాంతంలో చాలా ఇళ్లలో మాట్లాడేది కోయ భాష. ద్రావిడ కుటుంబంలో గోండికి దగ్గరిది. ఇక్కడ దాన్ని తెలుగు లిపిలో రాస్తున్నారు కాబట్టి పైన చెప్పిన తెలుగు సంగతులన్నీ దానికీ వర్తిస్తాయి. స్పెల్ చెకర్, కీబోర్డు సూచనలు లాంటివి తెలుగుకు ఉన్నంతగా కోయకు లేవు. అలాంటి చోట చిన్న స్క్రిప్టుకు విలువ ఎక్కువ. బడిలో సేకరించిన కోయ కథలను ఒక ఫైల్లో పెట్టి, ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో ప్రామాణిక లైబ్రరీలోని ‘కౌంటర్’తో లెక్కిస్తే, పదకోశానికి మొదటి ముసాయిదా పది వరుసల కోడ్‌తో తయారవుతుంది. ఒకే మాటను ఇద్దరు ఉపాధ్యాయులు రెండు రకాలుగా రాసిన చోట్లు కూడా ఆ జాబితాలోనే బయటపడతాయి. ఏది ఉంచాలన్నది మాత్రం ఊరివాళ్లు కూర్చుని తేల్చుకోవలసిందే.

ఆదిలాబాద్ వైపు గుంజాలలో దొరికిన గోండి లిపి 2018లో యూనికోడ్ 11లో చేరింది. అదే ఏడాది వచ్చిన పైథాన్ 3.7 ఆ అక్షరాలను అక్షరాలుగా గుర్తుపడుతుంది, 3.6 గుర్తుపట్టదు. అంటే విండోస్ 7 యంత్రం మీద వేసిన 3.8.10 కూడా గుంజాల గోండి పాఠాలకు సరిపోతుంది. ఫాంటు మాత్రం విడిగా తెచ్చి వేసుకోవాలి.